పచ్చబడని లైట్లు

గుడివాడ,
జూలై 8

పోలమ్మకి,

ఈ ఉత్తరం పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను, ముందు ఇది చదివి తర్వాత మిగతావి ముట్టుకుంటావని. ఫోన్లో చెప్పెయ్యవే అన్నావు. ఫోన్లో చెబితే నువ్వు "ఊ" అంటావు. బందరు హైస్కూల్లో లెక్కల మాస్టారికి కూడా అలాగే ఊ కొట్టి, బెల్లు కొట్టగానే నా నోట్సు అడిగేదానివి. ముప్పై నాలుగేళ్ళయినా నీ "ఊ" మీద నాకు నమ్మకం కుదరలేదు.

పెట్టెలో పన్నెండు చార్జింగ్ బోర్డులున్నాయి, మీ సంఘంలో ఇంటికొకటి. ఇంటికి రెండేసి తల లైట్లు, తలకి పట్టీతో కట్టుకునేవి, ఉన్నాయని, ఒకటి మగవాళ్ళతో పడవలో వెళ్తే రెండోది నీ లైట్ల గదిలో చార్జింగు అవుతుందని చెప్పావు కదా. ఆ రెండోదాని కోసం ఇవి.

బోర్డు చేసే పని ఇది. అడాప్టర్ ఐదు వోల్టులు ఇస్తుంది. లైట్లో ఉన్న లిథియం బ్యాటరీ ఖాళీగా ఉంటే మూడు, నిండితే నాలుగు పాయింట్ రెండు. అంతకు మించితే ప్రమాదం. మధ్యలో ఉన్న చిన్న నల్ల ఐసీ కాపలా మనిషి. డబ్బాలోంచి సీసాలోకి నూనె పోసేటప్పుడు ముందు లావు ధార పోస్తాం, మూతి దగ్గరికి వచ్చాక సన్నం చేస్తాం. అదీ అంతే. మొదట ఒకే లెక్కన కరెంటు తోస్తుంది. నాలుగు పాయింట్ రెండు రాగానే అక్కడ పట్టి ఉంచుతుంది, బ్యాటరీ తాగే కరెంటు తగ్గుతూ వస్తుంది. మొదట్లో తోసినదాంట్లో పదో వంతుకి పడగానే ఐసీ ఆపేసి ఎర్రలైటు తీసి పచ్చలైటు వెలిగిస్తుంది. నాలుగు గంటల్లో నిండాలని నువ్వు అన్నావు, అలాగే చేశాను.

గోడ మీద రెండు రూల్సు రాయించు. ఒకటి, చార్జింగులో ఉన్న లైటు ఆర్పి ఉండాలి. రెండు, నాలుగు గంటలు దాటినా ఎరుపు పోకపోతే ఏదో తేడా ఉన్నట్టు, తీసి పక్కన పెట్టాలి.

మా ఇంట్లోంచి నా చేత్తో చేసి బయటికి పంపినవాటిలో ఆవకాయ కానిది ఇదే మొదటిది. పాలిటెక్నిక్ డిప్లొమా బీరువాలో చీరల కింద ఉండేది, ఇప్పుడు పైకి తీశాను. మా ఆయన ధనుంజయరావు గారు చూసి, "ఇది కాలేజీలో మేం రెండో వారంలోనే చెప్పేస్తాం" అన్నారు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారుగా, చెప్పడం వచ్చు.

మాధవీలత


ఉప్పుకాలవ పాలెం, దివిసీమ,
జూలై 19

మాధవీ,

ఉత్తరం చదివాకే పెట్టె విప్పాను. "ఊ" అన్నాను కూడా, నీకు వినపడలేదు.

లైట్ల గది ప్రారంభం పెద్ద ఎత్తున జరిగింది. సంఘం లీడరు అమ్మాజీ రిబ్బను కత్తిరించింది, కత్తెర మొద్దుబారి ఉంటే పళ్ళతో కూడా సాయం చేసింది. తాళం నాకిచ్చారు. నవ్వకు. ఈ పాలెంలో ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి పోతయ్య పెళ్ళాన్ని, సీతమ్మ కోడల్ని. ఇప్పుడు "లైట్ల గది పోలమ్మ" అంటున్నారు. తాళం మొలకి దోపుకుని నడుస్తుంటే నాకే నేను తాసీల్దారులా కనపడుతున్నాను.

రూల్సు ఆయిల్ పెయింటుతో రాయించాం. అక్షరాలు జానెడు. మా అత్త సీతమ్మ ఒకటో రూలు చదివించుకుని, "మగోడు నీళ్ళ మీదుండగా ఇంటి దీపం ఆర్పమని గోడ మీద రాస్తారంటే, మీరు పచ్చి పాపం మూటగట్టుకుంటున్నారే" అని గొడవ పెట్టింది. మా ఇంట్లో అది పాత పట్టింపు. పడవ ఒడ్డుకొచ్చేదాకా లాంతరు వత్తి తగ్గిస్తారు గానీ ఆర్పరు. చుట్టుపక్కల ఇళ్ళకీ ఆవిడే అంటించింది. ఇప్పుడు లాంతరెక్కడుంది, ఇంటి దీపం ఈ తల లైటే కదా. ముసలావిడ మాట, నవ్వేసి ఊరుకున్నాను.

సరిగ్గా నాలుగు గంటలకి పచ్చబడుతున్నాయి. ఒక్కటే బాధ. నీ బోర్డులు అట్లపెనాల్లా కాలుతున్నాయి. కుమారి వాళ్ళ బోర్డు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మూత అప్పడంలా వంకర తిరిగింది. అమ్మాజీ దాన్ని అందరికీ చూపిస్తోంది. కాపలా మనిషికి జ్వరమా?

పోలమ్మ


గుడివాడ,
జూలై 27

పోలమ్మకి,

జ్వరం కాదు, దాని స్వభావం. ఈ రకం బోర్డు ఐదు వోల్టులు తీసుకుని బ్యాటరీకి కావలసినంతే ఇస్తుంది. మిగిలిన వోల్టులు ఎక్కడికీ పోవు, ఐసీలోనే వేడి కింద మారతాయి. బ్యాటరీ బాగా ఖాళీగా ఉన్నప్పుడు మిగులు ఎక్కువ, అందుకే మొదటి అరగంట మరీ కాలుతుంది. నిండేకొద్దీ చల్లబడుతుంది. మరీ వేడెక్కితే కరెంటు అదే తగ్గించుకుంటుంది కూడా. కాబట్టి కంగారు పడవలసింది లేదు.

అయినా పన్నెండూ ఒకసారి వెనక్కి పంపు. సోల్డరింగు చేసినప్పుడు అంటుకున్న జిగురు శుభ్రం చేయాలి. వేరే ఏమీ లేదు.

మాధవీలత


గుడివాడ,
ఆగస్టు 10

పోలమ్మకి,

పన్నెండూ తుడిచి పంపుతున్నాను. ఇక అంత వేడెక్కవు. తుడవడం వల్లే.

గోడ మీద నాలుగు గంటలు అని రాయించాం కదా, ఓ గంటా రెండు గంటలూ అటూ ఇటూ అయినా కంగారు పడకు.

కుమారి వాళ్ళ డబ్బాకి మూత కొత్తది పెట్టాను, అమ్మాజీని ఆ అప్పడం నాకు తిరిగి పంపమను.

మాధవీలత


ఉప్పుకాలవ పాలెం,
ఆగస్టు 29

మాధవీ,

తుడిచినందుకు సంతోషం. చల్లగా ఉన్నాయి, మా పిల్లి వాటి మీద పడుకోవడం మానేసింది. అయితే పచ్చబడడం కూడా మానేశాయి.

నాలుగు గంటలైనా ఎరుపే. రూలు ప్రకారం తీసి పక్కన పెడుతున్నాను. గంటా రెండు గంటలు అటూ ఇటూ అని నువ్వు రాశావు గానీ, ఆ మాట గోడకి ఎవరు చెప్తారు? నిన్న ఐదో గంటలో ఒకటి ఉంచితే అమ్మాజీ వచ్చి వేలు పెట్టి చదివింది, "నాలుగు గంటలు దాటినా ఎరుపు పోకపోతే." అక్షరం అక్షరం చదివింది. చదువుకున్న మనిషి రాసిన రూలు, తప్పుతావా అంది. తీసేశాను.

వాళ్ళందరికీ నా ఫ్రెండు డిప్లొమా అని చెప్పి ఉన్నాను. చూసి చెప్పు.

పోలమ్మ


గుడివాడ,
సెప్టెంబరు 5

పోలమ్మకి,

నా దగ్గర పదమూడో బోర్డు ఒకటుంది. వంటగది గట్టు మీద పెట్టి మూడు రోజులు చూశాను. అరగంటకోసారి నోటుబుక్కులో రాశాను. మూడు రోజులూ పచ్చబడింది. మా ఆయన అటుగా వెళ్తూ, "సర్క్యూట్ కరెక్టే, యూజర్ సైడ్ ప్రాబ్లం" అన్నారు. ఆయనకి ఏ ప్రాబ్లమూ మా ఇంటి సైడ్ ఉండదు.

ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పు. చార్జింగులో ఉన్నప్పుడు లైట్లు ఆర్పే ఉంచుతున్నారా?

మాధవీలత


ఉప్పుకాలవ పాలెం,
సెప్టెంబరు 14

మాధవీ,

ఆర్పే ఉంచుతున్నాం. రూలు గోడ మీదుందిగా.

నేనూ ఒక్కటే అడుగుతాను. తుడవడానికని తెప్పించుకున్నావు, ఏమన్నా మార్చావా?

పోలమ్మ


గుడివాడ,
సెప్టెంబరు 20

పోలమ్మకి,

ఏమీ మార్చలేదు. తుడిచానంతే.

మాధవీలత


ఉప్పుకాలవ పాలెం,
అక్టోబరు 6

శ్రీమతి మాధవీలత గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను.

శుక్రవారం తెల్లారకముందు అమ్మాజీ వాళ్ళాయన పడవ తీసుకుని సముద్రంలోంచి కాలవ మొగలోకి వస్తుంటే తల లైటు ఆరిపోయింది. మసకబారడం, రెపరెపలాడడం ఏమీ లేదు. చెప్పకుండా ఆరిపోయింది. ఇసక మేట కనపడక పడవ దాని మీదికెక్కి ఒరిగింది. మనిషి నీళ్ళలో పడ్డాడు. మోచెయ్యి విరిగింది, కట్టు కట్టారు. పక్క పడవలో మా పోతయ్య ఉండబట్టి పైకి లాగారు. వల పోయింది.

అమ్మాజీ నన్ను వీధిలో నిలబెట్టి, "నువ్వూ నీ గుడివాడ స్నేహితురాలూ కలిసి నా తాడు తెంపాలని చూశారు" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

నవంబరు రెండు ఆదివారం సంఘం మీటింగు. నా దగ్గర తాళం తీసుకోవాలా, మీ బోర్డులు సముద్రంలో పారేసి టౌన్లో షాపులో కొనాలా అన్నది ఆ రోజు తేలుస్తారు. మీరు ఏమీ మార్చలేదని రాశారు. మీ మాట నమ్మి వాళ్ళందరికీ అదే చెప్పాను.

ఇట్లు,
పోలమ్మ


గుడివాడ,
అక్టోబరు 10

పోలమ్మ గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మోచెయ్యి సంగతి మళ్ళీ రాయండి, కుడిదో ఎడమదో రాయలేదు.

మీటింగు లోపల కారణం తేల్చాలి. ఈ పెట్టెలో రెండు మల్టీమీటర్లున్నాయి, ఒకటి నాది, ఒకటి ధనుంజయరావు గారిది. ఆయనకి చెప్పలేదు. అడాప్టర్ వైరు ఒకచోట తెంపి రెండు క్లిప్పులు పెట్టాను, మీటరు వాటి మధ్య తగిలించండి. ఈ రకం బోర్డులో ఉన్న సుఖం ఏమిటంటే, లోపలికి ఎంత కరెంటు వెళ్తుందో బయటికీ అంతే వస్తుంది, తేడా అంతా వోల్టుల్లోనే. కాబట్టి అడాప్టర్ వైపు చూస్తే చాలు, బ్యాటరీని కదపక్కర్లేదు.

రోజుకి రెండు బోర్డులు. ఒక్కొక్కటి పది గంటలు ఉంచి, గంటకోసారి అంకె రాయండి. నాలుగు గంటల రూలు ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి, పక్కనే కూర్చుని చూస్తుంటారు కాబట్టి భయం లేదు. ఏ బోర్డు ఏ ఇంటిదో కూడా రాయండి. ఒక ముఖ్యమైన మాట: రోజూ ఎలా ఉంచుతారో సరిగ్గా అలాగే ఉంచి అంకెలు తీయండి. ఏమీ సర్దవద్దు.

గీతలు కొట్టిన కాగితాలు పెట్టాను.

మాధవీలత


ఉప్పుకాలవ పాలెం,
అక్టోబరు 20

మాధవీలత గారికి,

మీ కాగితాలు నింపి పంపుతున్నాను. ఆరు రోజులు స్టూలు మీద కూర్చున్నాను. పదో తరగతి పరీక్షకి కూడా ఇంతసేపు కూర్చోలేదు. రోజూ ఎలా ఉంచుతామో అలాగే ఉంచి రాశాను, ఒక్క అంకె కూడా సర్దలేదు.

చూస్తే నాకు అర్థమైంది ఇంతే. అన్నీ ఐదు వందలతో మొదలవుతున్నాయి. ఐదో గంట నుంచి తగ్గుతున్నాయి. పది బోర్డులు డెబ్బై రెండు దగ్గరికి వచ్చి అక్కడే కూర్చుంటున్నాయి. ఎనిమిదో గంట డెబ్బై రెండు, తొమ్మిదో గంట డెబ్బై రెండు, పదో గంటా డెబ్బై రెండే. మొండి మేకల్లా కదలవు. రెండు మాత్రం, కుమారి వాళ్ళదీ నాగలక్ష్మి వాళ్ళదీ, ఏడో గంటలోపే పచ్చబడి సున్నా చూపించాయి. ఆ రెంటికీ మీరు ఎక్కువ తుడిచినట్టున్నారు.

మోచెయ్యి కుడిదే. నెల రోజులు పట్టుద్దన్నారు. పడవ మీద ఆయన బదులు వాళ్ళబ్బాయి వెళ్తున్నాడు. కుమారి వాళ్ళాయనకి జ్వరం వచ్చి రెండు వారాల నుంచి బందరు ఆస్పత్రిలోనే ఉన్నాడు. నాగలక్ష్మి వాళ్ళ పడవ ఒడ్డున బోర్లా పడుకుని ఉంది, చెక్కలు మారుస్తున్నారు. మా పోతయ్య నిన్న వెళ్ళాడు.

మీటింగుకి పదమూడు రోజులుంది. తాళం ఇంకా నా మొలలోనే ఉంది, గుచ్చుకుంటోంది.

పోలమ్మ


గుడివాడ,
అక్టోబరు 25

పోలమ్మా,

కోపంతో మీరు అని రాసుకోవడం నాకు చేత కావడంలేదు, మానేస్తున్నాను.

నీ కాగితాలు రాగానే వంటగది గట్టు మీద పదమూడో బోర్డుకి మీ రకం తల లైటే తగిలించి, ఈసారి లైటు ఆర్పకుండా సన్నగా వెలిగించి పెట్టాను. ఎనిమిదో గంటకి డెబ్బై రెండు. పదో గంటకి డెబ్బై రెండు. ఎరుపు పోలేదు.

మీ తల లైటు సన్నగా వెలిగితే తాగేది డెబ్బై రెండు మిల్లీ ఆంపియర్లు. పచ్చబడిన రెండూ ఎవరివి? మగమనిషి ఆస్పత్రిలో ఉన్న ఇల్లు ఒకటి, పడవ ఒడ్డున ఉన్న ఇల్లు ఒకటి. మిగతా పది ఇళ్ళలో మనుషులు నీళ్ళ మీదున్నారు. పోలమ్మా, నువ్వు మాటల్లో అబద్ధం చెప్పావు. అంకెల్లో చెప్పడం నీకు రాలేదు. అత్తగారి మాటకి నవ్వి ఊరుకున్నానని రాసినప్పుడే నాకు తెలియాలి, నువ్వు నవ్వి ఊరుకునే రకం కాదు.

ఐసీకి కళ్ళు లేవు. తనలోంచి ఎంత కరెంటు పోతుందో అదొక్కటే దానికి తెలుసు. ఆ కరెంటు బ్యాటరీ తాగుతోందా, లైటు తాగుతోందా తెలియదు. పదో వంతుకి పడితే ఆపుతుంది. మొదలు ఐదు వందలు కాబట్టి పదో వంతు యాభై. లైటే డెబ్బై రెండు తాగుతుంటే యాభైకి ఎప్పుడు పడుతుంది? బ్యాటరీ నిండిపోయినా అది ఇంకా నిండలేదనుకుంటూ కూర్చుంటుంది.

ఇక్కడిదాకా రాసి, ఇది చాలు, పోస్టు చేద్దాం అనుకున్నాను. తప్పు నీదని అంకెలతో సహా తేలింది. కవరు అంటించాను కూడా. తర్వాత నా నోటుబుక్కు చూసి కవరు చింపాను.

మరి జూలైలో ఎందుకు పచ్చబడ్డాయి? అప్పుడూ నువ్వు లైట్లు వెలిగించే ఉంచి ఉంటావు. జూలైలో బోర్డులు ఐదు వందలతో మొదలు కాలేదు, వెయ్యితో మొదలయ్యాయి. బోర్డు మీద ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది, ఎంత కరెంటు తోయాలో దాని విలువ చెబుతుంది. ఒకటి పాయింట్ రెండు కిలో ఓములు పెడితే వెయ్యి, రెండు పాయింట్ నాలుగు పెడితే ఐదు వందలు. నాలుగు గంటల్లో నిండాలన్నావని, గాలి ఆడని డబ్బాలో వెయ్యి పెట్టాను. పెట్టకూడదు. అందుకే మూత అప్పడమైంది. వెయ్యిలో పదో వంతు వంద, నీ లైటు డెబ్బై రెండే కాబట్టి సుఖంగా పచ్చబడింది. నా తప్పు నీ తప్పుని నెల రోజులు దాచింది.

ఆగస్టులో నేను తుడవలేదు. పన్నెండు రెసిస్టర్లూ ఊడదీసి కొత్తవి పెట్టాను. నా తప్పు దిద్దుకోగానే నీది బయటపడింది, అదేమిటో ఇద్దరికీ తెలియలేదు. ఐదు వందలతో అయితే నిండడానికి ఆరు గంటలు పైన పడుతుంది. నా వంటగదిలో ఆరు గంటల పది నిమిషాలు, మూడు రోజులూ. నీకు "పచ్చబడింది" అని మాత్రం రాశాను, ఎన్ని గంటలకో రాయలేదు. రాస్తే గోడ మీద నాలుగు చెరిపి ఎనిమిది రాయించాలి, ఎందుకు మారిందో చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళ కింద నా నోట్సు చూసి రాసిన మనిషికి నా లెక్క తప్పిందని చెప్పాలి.

అమ్మాజీ వాళ్ళాయన లైటు లెక్క ఇది. బ్యాటరీకి రెండు వేల ఆరు వందల మిల్లీ ఆంపియర్ అవర్లు పడతాయి. నా రూలు ప్రకారం నాలుగు గంటలకి తీశావు, లైటు తాగింది పోగా లోపలికి చేరింది పదిహేడు వందలు. తీశాక ఒక రోజంతా పక్కన సన్నగా వెలుగుతూ ఉంటే మరో పదిహేడు వందలు పోయాయి. ఆయన తలకి కట్టుకున్నది ఖాళీ సీసా. ఈ లైట్లు మసకబారి చెప్పవు, బ్యాటరీ అడుక్కి రాగానే లోపలి రక్షణ తెగ్గొట్టేస్తుంది. అది నా గోడ రాత, నీ దీపం కలిసి చేసిన పని.

దీనితో సంఘానికి ఒక ఉత్తరం పెట్టాను, మీటింగులో చదువు. అందులో రెసిస్టర్లు మార్చానని, రూలు మార్చలేదని, ప్రమాదం అందువల్లేనని రాశాను. లైట్లు వెలిగించి ఉంచిన మాట రాయలేదు. అది నీ గదిలో సంగతి, నేను కళ్ళతో చూడలేదు. నీ తాళం నీకుంటుంది. బోర్డులు సముద్రంలో పారేస్తే పారేయనీ.

దీపం వెలుగుతూ ఉండాలని మీలో ఒక్కరైనా నాకు చెప్పి ఉంటే, బ్యాటరీతో సంబంధం లేకుండా లైటుకి అడాప్టర్ నుంచి వేరే దారి ఇచ్చి ఉండేదాన్ని. అప్పుడు ఐసీకి బ్యాటరీ ఒక్కటే కనపడుతుంది. ఎవరూ అడగలేదు. అడిగితే రూలు తప్పినట్టవుతుందని కాబోలు.

మాధవి


ఉప్పుకాలవ పాలెం,
నవంబరు 8

ఒసే మాధవీ,

చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆరు గంటల పది నిమిషాలు అన్నచోట నవ్వొచ్చింది. అబద్ధమాడేటప్పుడు కూడా నోటుబుక్కులో సరైన టైము రాసుకుంటావు చూడు!

మీటింగు సంగతి. అందరూ వచ్చారు, అమ్మాజీ వాళ్ళాయన కూడా కట్టు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నీ ఉత్తరం నిలబడి చదివాను. చదవడం అవగానే అమ్మాజీ లేచి, "విన్నారా, గుడివాడావిడ సంతకం పెట్టి ఒప్పుకుంది! మన పోలమ్మది ఇసుమంత తప్పు లేదు. ఆ బోర్డులు రేపే వెనక్కి పంపెయ్యాలి, టౌన్లో కొందాం" అంది. అందరూ "అవునవును" అన్నారు. నా వైపు చూసి జాలిగా నవ్వారు కూడా. తాళం నాదే, గౌరవం నాదే. కూర్చుంటే అయిపోయేది.

కూర్చోబోయాను. నీ ఉత్తరం చేతిలో ఉంది, అక్షరాలు వరసగా, కొట్టివేత ఒక్కటి లేకుండా. జరిగిన తప్పంతా నీ నెత్తినేసుకుని ఇంత నీటుగా రాశావు. కూర్చోలేకపోయాను.

"బోర్డులు పంపొద్దు. సగం తప్పు ఇక్కడిది. చార్జింగులో లైట్లు వెలిగించి ఉంచాను" అన్నాను.

"ఎవరివి?" అంది అమ్మాజీ.

"పది ఇళ్ళవి."

"ఎవరు చెప్పారు వెలిగించమని?"

నీకిప్పుడు చెప్పాలి, ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాకు నేనుగా వెలిగించింది ఒక్కటే, పోతయ్యది. మా అత్త నోటికి భయపడి. మిగతా తొమ్మిదీ తొమ్మిది మంది వచ్చి అడిగినవి. ఒక్కొక్కరు ఒక్కో పూట, చుట్టూ చూసుకుంటూ, "మాది ఒక్కటీ సన్నగా ఉంచు పోలమ్మక్కా, ఎవరికీ చెప్పకు" అని. ప్రతి మనిషీ తనది ఒక్కటే వెలుగుతోందనుకుంది. పడవలు వెళ్ళాక ఆ గదిలోకి వచ్చేది నేనొక్కదాన్నే, వేరే వాళ్ళు వస్తే గుడ్డ కప్పేదాన్ని. నువ్వు సూటిగా అడిగినప్పుడు తొమ్మిది మంది పరువు నా నోట్లో ఉంది, అందుకని ఆర్పామన్నాను. అందరికంటే ముందు వచ్చి అడిగిందెవరనుకున్నావు? ప్రారంభం రోజు సాయంత్రమే వచ్చింది, రిబ్బను ముక్క ఇంకా చేతిలోనే ఉంది.

"ఎవరు చెప్పారో చెప్పవేం?" అని అమ్మాజీ మళ్ళీ అడిగింది. ఆ అడగడం చూడాలి నువ్వు. ధైర్యమంటే అదీ.

నేను చెప్పలేదు. తొమ్మిది మందీ నేల వైపు చూస్తున్నారు. అది సిమెంటు నేల, చూడ్డానికేమీ లేదు. కుమారీ నాగలక్ష్మీ మాత్రం ఏమీ తెలియనట్టు మొహాలు పెట్టి కూర్చున్నారు, వాళ్ళాయన వాళ్ళు ఒడ్డున ఉంటే వాళ్ళంత రూలు పాటించేవాళ్ళు లేరు.

గుమ్మంలోంచి అమ్మాజీ వాళ్ళాయన ఒక్కడే అన్నాడు, "వెలిగించి ఉంచారా? మా కోసమా?" అని. ఆయన కట్టు సర్దుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఓటు పెట్టారు. బోర్డులు ఉంచాలని అందరూ. రూలు తప్పినందుకు నా దగ్గర తాళం తీసుకోవాలని తొమ్మిది చేతులు లేచాయి. లెక్క పెట్టాను, సరిగ్గా ఆ తొమ్మిదే. తాళం అమ్మాజీకిచ్చారు. గోడ మీద నాలుగు చెరిపి ఎనిమిది రాశారు. ఒకటో రూలు మీద ఇంకో పూత వేసి ముదురు చేశారు.

సోమవారం పడవలు వెళ్ళాయి. మంగళవారం పొద్దున్న ఒకావిడ చేపల తట్ట దించి, "పోలమ్మక్కా, మీ ఫ్రెండుని అడుగు, లైటు వెలుగుతా ఉన్నా పచ్చబడే బోర్డు చేస్తుందేమో. అమ్మాజీకి తెలియనివ్వకు" అంది. మధ్యాహ్నం ఇంకొకావిడ, అదే మాట. బుధవారం మూడో మనిషి. అందరికీ "ఊ" అన్నాను.

నిన్న సాయంత్రం అమ్మాజీ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎండ గురించి మాట్లాడింది, చేపల రేటు గురించి మాట్లాడింది. వాళ్ళాయన ఎడం చేత్తో అన్నం తింటున్నాడని చెప్పింది. ఆయన్ని ఇంకో నెలలో మళ్ళీ సముద్రం మీదికి పంపాలట, ఆపితే ఆగేలా లేడట. అప్పటికి, "ఏమన్నా వేరే దారి ఉందని ఆ ఉత్తరాల్లో రాసిందా మీ గుడివాడావిడ?" అంది. ఉందన్నాను. "మాదొక్కటీ చేయించు" అంది.

తర్వాత బొడ్లోంచి తాళం తీసి చాప మీద పెట్టింది. "ఆ గది మెట్లెక్కి దిగలేకపోతున్నానమ్మా, మోకాళ్ళ నొప్పులు. ఇది నీ దగ్గరే ఉండనీ" అంది.

ఆ గదికున్నది ఒక్కటే మెట్టు. తాళం తీసుకున్నాను. మోకాళ్ళకి ఏం నూనె రాస్తున్నావని కూడా అడిగాను.

పోలమ్మ